కోయకముందే చెప్పిన జంపఖానా

నేను పనిచేసే చిత్రశాల హన్మకొండలో ఒక మేడ మీద ఉంటుంది. రెండు గదులు, ఒక వరండా. కింద జిరాక్సు షాపు. చిత్రశాలలో పని అనగానే చాలామంది నేను బొమ్మలు వేస్తాననుకుంటారు. నాకు పిల్లి బొమ్మ వేయడం కూడా రాదు. వచ్చే మూడు నెలల్లో ఏ గోడ మీద ఏం వేలాడుతుందో, ఏ ఆదివారం ఎవరొచ్చి మాట్లాడతారో రాసి మెట్ల పక్కనున్న బోర్డుకు అంటించడం నా పని. అదే కరపత్రంగా వేయిస్తాను, ఫోన్లలో పంపుతాను. బోర్డు పైన పెద్దక్షరాలతో ‘రాబోయేవి’ అని ఉంటుంది. ఆ మాట నాకు చాలా ఇష్టం. ఇంట్లో ఎంత చికాకుగా ఉన్నా మెట్లెక్కేటప్పుడు దాన్ని చదివితే ఇంకా ఏదో వస్తుందనిపిస్తుంది.

చిత్రశాల నడిపేది రిటైరైన డ్రాయింగు మాస్టారు. అందరం సార్ అనే అంటాం. ఆయన మెత్తటి మనిషే గానీ బోర్డు విషయంలో మాత్రం రాయి. ఒకసారి మేము నీటిరంగుల ప్రదర్శనను వారం వాయిదా వేసి, ఆ సంగతి బోర్డు మీద దిద్ది ఊరుకున్నాం. నర్సంపేట దగ్గరి పల్లె నుంచి ఒక పత్తిరైతు బిడ్డను వెంటబెట్టుకుని బస్సులో వచ్చాడు. ఆ పిల్ల మా కరపత్రాన్ని పుస్తకంలో దాచుకుంది. పైకొస్తే గదికి తాళం. ఆ తండ్రి ఒక్కమాట అనలేదు. మెట్ల మీద కూర్చుని బిడ్డకు బిస్కెట్లు పెట్టి, కాసేపు చూసి వెళ్లిపోయాడు. నాలుగు తిట్టి ఉంటే సార్‌కు మనసు తేలికపడేది. అప్పటి నుంచి బోర్డు మీదికి ఎక్కింది మారడానికి వీల్లేదు.

ఇన్నేళ్లూ ఇతరుల ప్రదర్శనల పేర్లే రాశాను. కిందటేడు సార్ నన్ను పిలిచి, “ఈసారి చివరి గది నీది. ఏం పెడతావో నువ్వే చూసుకో అమ్మా” అన్నారు. ఆలోచించాల్సిన పని లేకపోయింది. నేను కొత్తవాడలో పుట్టాను. జంపఖానాలు నేసే ఇళ్ల మధ్య, పంజా దెబ్బల చప్పుడులో పెరిగాను. పంజా అంటే ఇనుప పళ్లున్న దువ్వెన లాంటిది. అడ్డంగా వేసిన దారాన్ని దాంతో కొట్టి కిందికి దించుతారు. ఆ చప్పుడు వినపడని రోజు మాకు ఎవరో పోయారని అర్థం.

పెద్ద జంపఖానాకు మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. మా పెద్దమ్మ ఇంట్లో కుడిపక్క పెద్దబాపు, అంటే పెదనాన్న, ఎడమపక్క పెద్దమ్మ. ఒకే బల్ల. ఆయన సగం ఆయన నేసేవాడు, ఆమె సగం ఆమె నేసేది, నడుమ రెండు దారాలూ ఒకదాన్నొకటి పట్టుకునేవి. పెద్దబాపు చెయ్యి బరువు, పెద్దమ్మది తేలిక. అందుకే ఆయన వైపు నేతలో డైమండ్ల ఆకారాలు పొట్టిగా, బిగుతుగా వచ్చేవి. ఆమె వైపువి కాస్త సాగినట్టు ఉండేవి. కొన్నవాళ్లకు తేడా తెలియదు. చిన్నప్పుడు మేం పిల్లలం మాత్రం ఏ జంపఖానా పరిచినా ఏ సగం ఎవరిదో ఇట్టే చెప్పేసేవాళ్లం. పెద్దమ్మ సగం మెత్తగా ఉంటుందని దాని మీదే పడుకునేవాళ్లం.

కొత్తవాడలో ఇంకొక పద్ధతి ఉంది. మగ్గం మీదున్న దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఎంతవరకు వచ్చిందని అడిగితే “అయితాంది” అంటారు, అంతే. ఎప్పుడిస్తారంటే “కోసినంక చెప్త” అంటారు. మగ్గం నుంచి కోసి, అంచు పోగులు ముడేసిన తర్వాతే అది జంపఖానా. అంతవరకు దానికి పేరు లేదు, ఊసు లేదు. దిష్టి అని కొందరు, అలవాటని కొందరు అంటారు. పెద్దమ్మ నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా ముందుగా మాటివ్వగా నేను వినలేదు.

అప్పటికి రెండేళ్ల ముందు పెద్దబాపుకు పొద్దున్నే ఛాతీలో నొప్పి వచ్చింది. దవాఖానకు తీసుకుపోయాం గానీ తిరిగి తీసుకురాలేకపోయాం. మగ్గం మీద సగం దాటిన జంపఖానా ఉంది. ఎరుపు, ముదురు నీలం, ఆవపిండి రంగు. పెద్దమ్మ దాని మీద పాత దుప్పటి కప్పింది. ఆ తర్వాత ఆ గదిలోకి ఊడ్చడానికి తప్ప పోలేదు. ఆమె ఇంక నేయదని మేమందరం తీర్మానించుకున్నాం. ఆమెను అడిగిన గుర్తు మాత్రం నాకు లేదు.

నా ప్రదర్శనకు ఆ జంపఖానానే ప్రాణమని నేను నిర్ణయించుకున్నాను. గదినిండా కొత్తవాడ జంపఖానాలు, నడుమ పెద్దబాపు మగ్గం, దాని మీద ఆయన సగంలో వదిలేసిన నేత. పేరు ‘ఆగిన మగ్గం’. అనుకుంటుంటేనే నా ఒళ్లు పులకరించింది. వెంటనే అక్కకు ఫోన్ చేశాను. అక్క అంటే పెద్దమ్మ కూతురు. బావది రైల్వే ఉద్యోగం, కాజీపేటలో క్వార్టర్సు. “మంచిగనే ఉన్నది గని, మల్ల మగ్గం ఇంటికి తేకుండ్రి. మీకాడనే ఉంచుకోండ్రి. అది లేకపోతె అమ్మ మా ఇంటికొస్తది. ఆ గదిల ఒక్కతే కూసుంటె నాకిక్కడ అన్నం తినబుద్ధయితలేదు” అంది. అక్క మనసు నాకు తెలుసు కాబట్టి సరే అన్నాను.

ఆ సాయంత్రమే కొత్తవాడకు పోయాను. పెద్దమ్మ గడపలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నేను గుక్కతిప్పుకోకుండా అంతా చెప్పాను.

“అది సగమే అయ్యింది గద బిడ్డా” అంది.

“సగమే కావాలె పెద్దమ్మా. అదే అందం.”

ఆమె నా ముఖం చూసింది. జ్వరమేమైనా వచ్చిందా అని చూసినట్టే చూసింది. “మగ్గం గూడ తీస్కపోతరా?” అంది.

“అక్కతోని మాట్లాడిన. నువ్వు కాజీపేటకు పోతవట గద.”

“మీరిద్దరు మాట్లాడుకున్నరు గద. సరే తియ్.”

లేచి చాయ్ పెట్టింది. ఆ మాటలోని ముల్లు నాకు గుచ్చుకోలేదు. సంతోషంలో ఉన్నాను కదా, చాయ్ తాగి వచ్చేశాను.

బోర్డు మీద రాశాను. దుప్పటి తీయించి మగ్గం ఫొటో తీసి కరపత్రం మీద వేయించాను. ‘ఆగిన మగ్గం: సగంలో నిలిచిన జంపఖానా, మగ్గంతో సహా.’ ఒకటి తీసుకుపోయి పెద్దమ్మ చేతికిచ్చాను. ఆమె అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. చదివి, “ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టున్నది నీ కత” అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వుతోనే ఊరుకోకపోతే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

తర్వాత మూడు వారాలు నేను ఆ వైపు పోలేదు. కొత్తవాడలో ఇంకో పది ఇళ్ల నుంచి జంపఖానాలు అడిగి తెప్పించుకున్నాను గానీ, ఆ పని ఫోన్లతోనే అయిపోయింది. ఒక్కో దానికింద పెట్టే చీటీలు రాయించాను. పెద్దబాపు జంపఖానా చీటీ మీద ఆయన పేరు, కిందగా ‘నేతకారుడు’ అని ఉంది. అందంగా వచ్చిందని మురిసిపోయాను.

ప్రదర్శన నాలుగు రోజులుందనగా ట్రాలీ ఆటో మాట్లాడుకుని, మగ్గం విప్పడానికి ఇద్దరు మనుషులను తీసుకుని పోయాను. గది తలుపు తీసి ఉంది. దుప్పటి మడతపెట్టి మూలన ఉంది. మగ్గం మీద జంపఖానా లేదు. కోసిన పడుగు, అంటే నిలువు పోగుల చివర్లు మాత్రం వరుసగా ఉన్నాయి. మంచం మీద జంపఖానా నాలుగు మడతల్లో ఉంది. అంచు పోగులన్నీ ముడులేసి ఉన్నాయి.

“ఏంది పెద్దమ్మా ఇది?” అన్నాను.

“అయింది బిడ్డా. తీస్కపో.”

“ఎవరు నేయమన్నరు నిన్ను?”

“సగం బట్ట నలుగుర్ల వెడ్తరా? సగం జడేసిన పిల్లను పెండ్లికి తోల్కపోయినట్టుంటది. చూసినోళ్లు ఆయన్నేమంటరు?”

“సగమే ఉందని అందరికీ చెప్పిన. ఫొటో ఏసిన. కాయితాలు ఊరంత పంచిన.”

“కోసినంక చెప్పాలె. నువ్వు ఈడ పుట్టినదానివే గద, నీకు తెల్వదా.”

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ఆరోజు నాలుక మీదికి దిగింది. “రెండేండ్లు ముట్టనిదానివి ఇప్పుడే ముట్టాల్నా? నా పనే దొరికిందా నీకు చెడగొట్టడానికి?” అన్నాను. మగ్గం విప్పడానికి వచ్చిన ఇద్దరూ బయటికి పోయి నిలబడ్డారు. పెద్దమ్మ జంపఖానాను పాత చీరలో మూటకట్టి నా చేతుల్లో పెట్టింది. “మగ్గం ఇయ్యాల తియ్యకుండ్రి. జర ఆగుండ్రి” అని మాత్రం అంది. మంచినీళ్లిస్తే తాగకుండా వచ్చేశాను. పెరిగిన ఇంట్లో నీళ్లు కాదని రావడం అదే మొదటిసారి.

సార్‌కు చెబుతుంటే ఏడుపొచ్చింది. పెద్దమ్మ మీద కోపంతో వచ్చిన ఏడుపే అది. ఆయన అంతా విని జంపఖానాను హాల్లో పరిపించారు. చుట్టూ ఒకసారి తిరిగారు. “ఆయన ఎక్కడ ఆపారో అక్కడ ఒక దారం కట్టు అమ్మా. ఇక్కడిదాకా ఆయన, ఇక్కణ్నుంచి ఆమె అని రాద్దాం. నీ మాటా పోదు” అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అది చిటికెలో పని అనుకున్నాను. మిగిలిన భాగమంతా పెద్దమ్మ ఒక్కతే నేసింది కాబట్టి రెండు పక్కలా తేలిక చెయ్యే ఉండాలి. కుడిపక్క పొట్టి డైమండ్లు ఎక్కడ సాగడం మొదలైతే అక్కడ దారం కట్టాలి, అంతే కదా.

మోకాళ్ల మీద కూర్చుని కుడి అంచు పట్టుకుని వెతికాను. చివరిదాకా పోయాను. కుడిపక్క డైమండ్లు మొదటి నుంచి చివరిదాకా పొట్టివే. మళ్లీ మొదలుపెట్టి ఈసారి కళ్లు మూసుకుని వేళ్లతో తడిమాను. బిగువు ఎక్కడా సడలలేదు. ఎడమపక్క మెత్తగా, కుడిపక్క గట్టిగా, పెద్దబాపు ఇంకా ఆ బల్ల మీద కూర్చున్నట్టే ఉంది. నాకేమీ అంతుపట్టలేదు. చివరికి ఫోన్లో ఫొటో తెరిచి వరుసలు లెక్కపెట్టుకుంటే, ఆయన పదకొండో వరుసలో ఆగాడని తెలిసింది. పదకొండో వరుస మీద చెయ్యి పెట్టాను. ముందు వరుసకూ తర్వాత వరుసకూ వెంట్రుకంత తేడా లేదు.

అప్పుడు అర్థమైంది. ఒక్కో దారానికీ పెద్దమ్మ ఎడమపక్క కూర్చుని తన చేత్తో కొట్టింది. బల్ల మీద కుడిపక్కకు జరిగి ఆయన చేత్తో కొట్టింది. మళ్లీ ఎడమకు జరిగింది. మూడు వారాలు అలా జరుగుతూనే ఉంది. నేను వెళ్లి నా పని చెడగొట్టావన్నాను. సార్ ఎదుటే వెక్కివెక్కి ఏడ్చాను. నాకంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు. పక్కనే నేను మురిసిపోయిన చీటీ ఉంది. దాని మీద ఒక్క పేరే ఉంది. ఇద్దరు కూర్చోవడం పుట్టినప్పటి నుంచీ చూసినదాన్ని, రాసేటప్పుడు ఒక్క పేరే రాశాను.

“దారం కట్టావా?” అన్నారు సార్.

“కట్టను సార్” అన్నాను.

మర్నాడు పొద్దున్నే కొత్తవాడకు పోయాను. పెద్దమ్మ కుడి భుజానికి జండూబామ్ రాసుకుంటోంది. డబ్బా తీసుకుని నేను రాశాను.

“తప్పయింది పెద్దమ్మా.”

“ఏం తప్పు. కోపం నీకు మీ అమ్మ పాలల్లనే వచ్చింది.”

“కుడిపక్క గంత గట్టిగ ఎట్ల కొట్టినవ్?”

“ఆయన దెబ్బ నాకెర్క లేదా. నలభై ఏండ్లు ఈ చెవులనే పడ్డది.” భుజం నావైపు తిప్పి అంది. “ఫస్టు రెండు వరుసలు మెత్తగ వచ్చినయ్. ఇప్పిన. మల్ల కొట్టిన. మల్ల ఇప్పిన. చెయ్యితోని కొడితె రాలే బిడ్డా, ఆయన లెక్క ఊపిరి బిగవట్టి కొడితె వచ్చింది.”

నేను ఇంకొంచెం బామ్ తీసి రాశాను. ఆమే ఇంకా చెప్పింది.

“అది దిగకపోతె మగ్గం మీద ఇంకోటి ఎక్కదు గద. రెండేండ్లాయె, దినాం అనుకునుడు, దుప్పటి మీద చెయ్యేసుడు, మల్ల తీసుడు. మీరు మగ్గమే తీస్కపోతమంటిరి. ఇగ నేను ఎప్పుడు కూసోవాలె? మగ్గం పోతె నేను కాజీపేటకు పోత, ఏం జేస్త. మగ్గముంటె ఈన్నే ఉంట. మీ అక్కకు గీ మాట చెప్పు.”

అక్కడి నుంచే అక్కకు ఫోన్ చేశాను. మొదట నా మీద ఎగిరింది. కుడిపక్క సంగతి చెప్పాను. “ఒక్కతే నేసిందా?” అంది. “ఒక్కతే” అన్నాను. “మగ్గం ముట్టకుండ్రి” అంది.

బోర్డు మీద పేరు మార్చి, మగ్గం వస్తుందన్న మాట తీసేయాల్సి వచ్చింది. సార్ దగ్గరికి భయపడుతూనే పోయాను. “తేదీ అదే, గది అదే, జంపఖానా అదే. మగ్గం అక్కడే ఉండనీ. ఇంకేం మారింది?” అని ఆయనే పెన్ను తీసి ‘ఆగిన మగ్గం’ కొట్టేసి ‘ఒక మగ్గం, ఇద్దరు’ అని రాశారు. చీటీ కొత్తగా రాయించాను. రెండు పేర్లు, పక్కపక్కన, బల్ల మీద కూర్చున్న వరుసలోనే.

మొదటిరోజు పెద్దమ్మ, అక్క ఆటోలో వచ్చారు. పెద్దమ్మ ఎవరూ చెప్పకుండానే చెప్పులు మెట్ల కిందే విడిచింది. గోడకు వేలాడుతున్న జంపఖానాలను చూసి, “కూసునే దాన్ని గోడకెక్కిచ్చిండ్రు” అని గొణిగింది. ఆమెదాన్ని మాత్రం నడుమ అరుగు మీద పరిచాం. దాని ముందు ఎక్కువసేపు నిలబడలేదు. చీటీ మీద పేర్లు చదివింది, తన పేరు మీద వేలు పెట్టి చూసింది, అక్క పక్కకు పోయి కూర్చుంది.

వచ్చినవాళ్ల చేతుల్లో పాత కరపత్రాలున్నాయి. సగంలో ఆగింది ఎక్కడని అందరూ అడిగారు. ఇందులోనే ఉంది, మీరే కనిపెట్టండి అన్నాను. ఇక చూడాలి. కళ్లద్దాలు సవరించుకున్నవాళ్లు, వంగినవాళ్లు, ఫోన్లో పెద్దది చేసి చూసినవాళ్లు. ఒక పెద్దమనిషి చాలాసేపు పరీక్షగా చూసి, ఇదిగో ఇక్కడే, చెయ్యి మారింది స్పష్టంగా తెలుస్తోంది అని ఒక చోట వేలు పెట్టాడు. అది నాలుగో వరుస. “గదే గదే, మంచిగ పట్టినవ్ సారూ” అంది పెద్దమ్మ. ఆయన సంతోషంగా వెళ్లిపోయాడు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు ఊగేలా నవ్వింది. అక్క కూడా నవ్వింది. వాళ్లిద్దరూ కలిసి నవ్వి రెండేళ్లయింది.

సాయంత్రం వాళ్లను ఆటో ఎక్కించడానికి కిందికి దిగాను. మెట్ల పక్క బోర్డు దగ్గర పెద్దమ్మ ఆగింది. ఆరోజే వచ్చే మూడు నెలల జాబితా కొత్తగా అంటించాను. ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివింది. ఫొటోలు, మట్టిబొమ్మలు, పిల్లలకు రంగుల బడి. అన్నిటికంటే కింద తెల్లగా ఖాళీ ఉంది.

“ఈడ ఏం రాస్తవ్?”

“ఇంక తెల్వది పెద్దమ్మా. ఎవరన్న దొరకాలె.”

“నాదొకటి రాసుకో.”

“ఏం నేస్తానవ్?”

“ఏం లేదు. పడుగు గూడ ఎయ్యలే ఇంక.”

అక్క ఆటోలోంచి తల బయటికి పెట్టి చూసింది. నేను నిజంగానే తెల్లబోయాను. “ఎప్పుడడిగినా కోసినంక చెప్త అంటవ్ గద” అన్నాను.

“ఆయనున్నప్పుడు గట్ల నడిచింది. పొద్దున లేస్తె ఆయన బల్ల మీద ఉండెటోడు, నేను పోయి కూసునేదాన్ని. ఇప్పుడు నన్నెవరు లేపుతరు?” అని బోర్డు వైపు చెయ్యి చూపించింది. “రాస్తె నేస్త బిడ్డా. నలుగురికి చెప్పినంక నెయ్యక తప్పది గద. రాయకపోతె మల్ల దుప్పటి కప్పుకుంట కూసుంట.”

పెన్ను తీశాను. ఎవరి పేరు రాయమంటావని అడగబోయి, అడగకుండా ఆమె పేరే రాశాను. పెద్దమ్మ ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదువుకుంది. పక్కన నెల కూడా వేయమంది.